యేసయ్య పెట్టిన నాలుగక్షరాలు

గోదావరిఖనిలో యేసయ్య తెలిసిన ప్రతివాళ్ళకీ ఆయన కోపం కూడా తెలుసు. ఇంట్లో కూర మాడినా పట్టించుకోని మనిషి, ఎవరైనా అర్థం తెలియకుండా ఒక మాట వాడితే మాత్రం మండిపడతాడు. ఒకసారి బ్యాంకులో ఓ అధికారి "మీ ఖాతా డార్మెంట్ అయింది" అంటే, డార్మెంట్ అంటే ఏందో తెలుగులో చెప్పేదాకా కౌంటరు ముందు నుంచి కదల్లేదు. వెనకాల ఇరవైమంది పింఛనుదార్లు తిట్టుకుంటున్నా సరే.

ఆ కోపం వెనక ఒక కాగితం ఉంది.

1996లో ఆయన తమ్ముడు రిచర్డ్ గనిలో కప్పు కూలి చనిపోయాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే గని, షిఫ్టులు వేరు. బొగ్గంతా తవ్వి తీసేశాక మిగిలే ఖాళీని గనిలో గోఫు అంటారు. దాని కప్పు ఇవాళ కాకపోతే రేపు కూలాల్సిందే, అందుకే అటు ఎవరూ పోకుండా కంచె కడతారు. ఆసరాకు నిలబెట్టిన దుంగలు అక్కడ మిగిలిపోయాయని, పోయి పీక్కురమ్మని పై అధికారి చెబితే రిచర్డ్ వెళ్ళాడు. పక్కన పనిచేస్తున్న కొమురెల్లి ఆ మాట విన్నాడు, శవాన్ని పూడ్చిన రోజు యేసయ్యకు చెప్పాడు కూడా. కానీ అప్పటికే ఆలస్యమైంది. దవాఖాన వరండాలో శవం కోసం కూర్చున్నప్పుడే ఎవరో ఇంగ్లిషులో టైపు చేసిన కాగితం తెచ్చారు. సంతకం పెడితే పని జల్ది అయిపోతుందన్నారు. ఏడో తరగతి చదివిన యేసయ్య, ఏం రాసి ఉందో తెలియకుండానే పెట్టేశాడు.

తొమ్మిదేళ్ళ తరవాత కూతురు గ్లోరియాకు ట్రంకుపెట్టెలో ఆ కాగితం నకలు దొరికింది. అప్పుడామె పదో తరగతి. ఒక్కో మాటకూ అర్థం చెబుతూ తండ్రికి చదివి వినిపించింది. ఒకచోట ఆగి, తన చిన్న డిక్షనరీ తిరగేసింది.

"జి, ఓ, ఏ, ఎఫ్. గీ మాట ఇండ్ల లేదు బాపూ."

"గోఫు. అది నాకెరుకే. మిగిలింది చెప్పు బిడ్డా."

మిగిలింది ఏమిటంటే, ఎవరూ పంపకుండా, వద్దని చెప్పినా వినకుండా, రిచర్డ్ తన ఇష్టం కొద్దీ గోఫులోకి పోయాడని. కింద యేసయ్య సంతకం.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి కాగితం పట్టుకుని తిరగని ఆఫీసు లేదు. అందరిదీ ఒకటే జవాబు. "సంతకం నీదే కదా యేసయ్యా?" సాక్ష్యం చెప్పడానికి కొమురెల్లి లేడు, ఊపిరితిత్తుల జబ్బుతో అంతకు ముందే పోయాడు. రెండేళ్ళు తిరిగి యేసయ్య అలసిపోయాడు. చల్లబడలేదు.

2010లో పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు తగిలి మోకాలు విరిగితే, తేలిక పని కింద ఆయన్ని ఆఫీసర్ల క్లబ్బులో అటెండరుగా వేశారు. సాయంత్రాలు చాయ్ అందించాలి, ఆట బల్లలు సర్దాలి. అక్షరాల బిళ్ళలతో ఇంగ్లిషు మాటలు పేర్చే స్క్రాబుల్ ఆటను అక్కడే చూశాడు. పెట్టె మూత లోపల ఎవరో రెండక్షరాల మాటలూ మూడక్షరాల మాటలూ ఉన్న జాబితా అంటించారు. ఎవరూ ఎన్నడూ వినని మాటలు. ఆఫీసర్లు వాటిని బట్టీ పట్టి బల్లమీద పెట్టేవాళ్ళు.

"సార్, క్యూ, ఐ అంటే ఏంది?" అని ఓ రోజు అడిగాడు.

"అర్థం ఎందుకయ్యా? పదకొండు పాయింట్లొస్తాయి, చాలదూ?" అని ఆ ఆఫీసరు నవ్వాడు. పక్కవాళ్ళూ నవ్వారు.

యేసయ్యకు ఒళ్ళు మండింది. మాటకు అర్థమేంటో తెలియకుండానే దానితో గెలుస్తారా వీళ్ళు? జాబితా మొత్తం పాత లాగ్‌షీట్ల వెనక రాసుకుని ఇంటికి తెచ్చాడు. అప్పటికి డిగ్రీ చదువుతున్న గ్లోరియా, కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఒక్కోదానికీ అర్థం పట్టుకొచ్చింది. క్యూ, ఐ అంటే మనిషి ఒంట్లో తిరుగుతుందని చైనావాళ్ళు చెప్పే ప్రాణశక్తి. రెండు 'ఏ'లు పక్కపక్కన పెడితే, అగ్నిపర్వతం నుంచి పారి గరుకుగా గడ్డకట్టిన లావా. ఏ, ఐ అంటే కొమ్మకు వేలాడుతూ బతికే మందకొడి జంతువు. ఓ, ఆర్, టి అంటే పళ్ళెంలో మిగిలిన ఎంగిలి మెతుకు. జెడ్, ఏ, ఎక్స్ ఇంటిపైకప్పుకు వేసే పలకరాళ్ళను కోసే పనిముట్టు. సి, డబ్ల్యూ, ఎం దగ్గరికొచ్చేసరికి ఆయన కూతురితో కొట్లాటకు దిగాడు.

"గిండ్ల అచ్చు ఏది? నోరెట్ల తిరుగుతది? నిన్నెవరో మోసం చేసిండ్రు."

అది వేల్స్ అనే దేశం మాట అనీ, 'కూమ్' అని పలుకుతారనీ, కొండల నడుమ గిన్నెలాంటి లోయ అనీ గ్లోరియా ఓపిగ్గా చెప్పింది. ఆ దేశంలోనూ బొగ్గు గనులుండేవని తెలిశాక గానీ ఆయన ఆ మాటను ఒప్పుకోలేదు.

2018లో రిటైరయ్యేసరికి ఆయనకు అర్థంతో సహా వచ్చిన చిన్న మాటలు ఎనిమిది వందలు. గ్లోరియా స్కూల్లో ఇంగ్లిషు టీచరైంది. ఇంట్లో ఆడితే మాత్రం ఎక్కువసార్లు ఓడేది ఆమే.

పోయిన డిసెంబరులో క్లబ్బువాళ్ళు పెట్టిన పోటీలకు మొదటిసారి రిటైరైన కార్మికులను కూడా రానిచ్చారు. యేసయ్య పేరు ఇచ్చాడు. ఒకప్పుడు తాను చాయ్ కప్పులు ఎత్తిన బల్లల దగ్గర కూర్చుని, నలుగురిని వరసగా ఓడించి ఫైనల్‌కు వచ్చాడు. ఎదుట కూర్చున్నది రవికాంత్. కోస్తా నుంచి వచ్చి పన్నెండేళ్ళుగా ఇక్కడి గనుల్లోనే పనిచేస్తున్న మైనింగ్ ఇంజనీరు. జడ్జి చంద్రమతి, ఒక పెద్ద ఆఫీసరు భార్య, క్లబ్బు కమిటీలో ముఖ్యురాలు. ఫోన్లన్నీ ముందే బయట పెట్టించింది.

ఆట ఆఖరికొచ్చింది. సంచీలో బిళ్ళలు అయిపోయాయి. యేసయ్య పదిహేను పాయింట్లు వెనకబడి ఉన్నాడు. చేతిలో నాలుగే బిళ్ళలు. ఆట అట్ట అంచున, మాట మొత్తానికి మూడింతలు లెక్కొచ్చే గడి ఖాళీగా ఉంది. ఆయన నిదానంగా నాలుగూ పెట్టాడు. జి, ఓ, ఏ, ఎఫ్. ఆ మాటకే ఇరవై నాలుగు పాయింట్లు. గెలిచినట్టే.

రవికాంత్ బల్లవైపు చూసి, గొంతు తగ్గించి "ఛాలెంజ్" అన్నాడు.

చంద్రమతి బల్లమీది డిక్షనరీ తిరగేసింది. "లేదండీ. ఇలాంటి మాటే లేదు. చెల్లదు."

"అమ్మా, అది బడి పిల్లల డిక్షనరీ. పెద్దది పక్క రూముల అల్మారిల ఉన్నది. రోజూ తుడిచింది నేనే."

"ఈ డిక్షనరీ ప్రకారమేనని రూల్సులో రాశాం యేసయ్యా. అయినా అది మీరు గనిలో మాట్లాడుకునే మాట. ఇంగ్లిషు కాదు."

యేసయ్య రవికాంత్ వైపు తిరిగాడు. "సార్, మీరు చెప్పుండ్రి. పొద్దుగాల రిపోర్టుల మీరు ఏమని రాస్తరు?"

రవికాంత్ తన బిళ్ళలు సర్దుకుంటూ తలెత్తలేదు. "అది టెక్నికల్ టర్మ్ అండీ. ఆటన్నాక రూల్సుంటాయి కదా."

యేసయ్య లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది.

"రూల్సా? నా తమ్ముడు సస్తే కాగితంల గీ నాలుగక్షరాలే రాసిండ్రు. అప్పుడు గది ఇంగ్లిషే. నాతోని సంతకం పెట్టించుకున్ననాడు కూడ ఇంగ్లిషే. ఇయ్యాల నేను పెడితే ఇంగ్లిషు కాకుంట పోయిందా? మా మీద రాసెతందుకు పనికొస్తది గని, మేం ఆడెతందుకు పనికిరాదా? చెప్పు సార్! నీకెరుక లేదా గోఫంటే?"

రవికాంత్ బిళ్ళలను ఒక్కొక్కటే తిరిగి సంచీలో వేయసాగాడు.

ఆట చూడ్డానికి వచ్చిన గ్లోరియా ఎవర్నీ అడగకుండా పక్క గదిలోకి వెళ్ళి పెద్ద డిక్షనరీ రెండు చేతులతో మోసుకొచ్చింది. పేజీ తీసి చంద్రమతి ముందు పెట్టి, అందరికీ వినబడేలా తెలుగులో చెప్పింది. "బొగ్గు తీసేసిన తరవాత గనిలో మిగిలే ఖాళీ. ఇంగ్లిషు మాటే మేడం."

చంద్రమతి పేజీ చూసింది. మొహం ఎర్రబడింది. పక్కనున్న కమిటీవాళ్ళతో గుసగుసలాడి, నిర్ణయం ఒకసారి చెప్పాక మార్చలేమంది. కప్పు రవికాంత్‌కు, రెండో బహుమతి హాట్‌బాక్స్ యేసయ్యకు. హాట్‌బాక్స్‌ను యేసయ్య వేలితోనైనా తాకలేదు.

బయట గేటు దగ్గర రవికాంత్ వెంటపడి వచ్చాడు. "సారీ అండీ. ఆ కాగితం సంగతి నాకు తెలీదు. ఈ కప్పు మీరే తీసుకోండి."

"కప్పు నాకెందుకు సార్? లోపలికి పోదాం రా. అందరి ముందల చెప్పు, ఆ మాట నాకెరుకేనని. గంతే చాలు."

రవికాంత్ క్లబ్బు తలుపు వైపు చూశాడు. లోపల పై ఆఫీసర్లు టిఫిన్ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఇప్పుడవన్నీ ఎందుకండీ..." అన్నాడు.

యేసయ్య ఆయన ఎదుటే ఖాండ్రించి రోడ్డు పక్కకు ఉమ్మి, కుంటుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు.

జనవరిలో క్లబ్బు బోర్డు మీద నోటీసు పడింది. ఇకపై పోటీలు ఆఫీసర్ల కుటుంబాలకే. యేసయ్య దాన్ని ఫోటో తీసుకుని వచ్చి, ఫిబ్రవరి నుంచి చర్చి పక్కనున్న రేకుల షెడ్డులో సొంతంగా ఆట మొదలుపెట్టాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎనిమిదిమంది దాకా వస్తారు. రిటైరైన క్లర్కులు, ఇద్దరు టీచర్లు, టైం ఆఫీసులో పనిచేసే ఉపేందర్. అక్కడ రూలు ఒక్కటే. పెట్టిన మాటకు తెలుగులో అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే సున్నా. మొదటి వారమే ఉపేందర్ యు, టి పెట్టి, అర్థం అడిగితే నోరు వెళ్ళబెట్టాడు. అది పాతకాలం సంగీతంలో మొదటి స్వరం పేరని చెప్పి, యేసయ్య ఆ బిళ్ళలు తీయించేశాడు.

ఏప్రిల్‌లో చంద్రమతి గ్లోరియాకు ఫోన్ చేసింది. శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్ క్లబ్బులతో పోటీ ఉందట. నాన్నగారి దగ్గర చిన్న మాటల పట్టిక అర్థాలతో ఉందటగా, ఒకసారి ఇప్పించగలవా అని చాలా మర్యాదగా అడిగింది.

"ఇద్దాం బాపూ. పాపం, మంచిగనే అడిగింది" అంది గ్లోరియా.

"ఇస్త. ఎందుకియ్య? ఆదివారం ఆమెనే షెడ్డుకు రమ్మను. ఎనమండుగురి ముందల గోఫంటే ఏందో తన నోటితోని చెప్పి తీస్కపొమ్మను."

గ్లోరియా ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పింది. చంద్రమతి "చూస్తానమ్మా" అని పెట్టేసింది.

మూడు ఆదివారాలు గడిచాయి. ఆమె రాలేదు. పోనీ జిరాక్స్ తీసి పంపిద్దామా అని గ్లోరియా మళ్ళీ కదిపితే, యేసయ్య ఆమె మీదికి కూడా లేచాడు.