సుభద్రగారి మంచు టూర్లు

చలికాలం పొద్దున్నే ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు రాజేస్తుంటే ఆ వాసన చాలామందికి హాయిగా ఉంటుంది. నేను మాత్రం అక్కడ నిలబడలేను. బట్టల మూట బల్ల మీద పడేసి గబగబా వచ్చేస్తాను. ఎంత గబగబా వచ్చినా ఆ వాసన వెనకే సుభద్రగారూ కళ్ల ముందుకి వచ్చేస్తారు, శాలువా కప్పుకుని, మెడలో విజిల్ వేలాడేసుకుని.

ఆవిడ నేతవాళ్ల ఇంట్లో పుట్టి, గవర్నర్‌పేటలో చీరల దుకాణం పెట్టుకున్న మనిషి. చలికాలం రాగానే దుకాణం తమ్ముడికి అప్పగించి, ఆడవాళ్లను మనాలికి మంచు చూపించడానికి తీసుకెళ్లేవారు. మగవాళ్లకు ప్రవేశం లేదు. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న నన్ను సాయానికి పంపమని మా అమ్మను అడిగారు.

“మేనమామ ఇంటికి పంపడానికే వెనకాడతామండీ. అంత దూరమా?” అంది అమ్మ.

“మీ షాహినా నా పక్క మంచం మీదే పడుకుంటుంది. పంపించండి, నా మీద వదిలేయండి.”

అమ్మ నమ్మింది. నమ్మించడం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి.

మంచులో ఆవిడ వేరే మనిషి. చీర మీద అద్దె కోటు తొడుక్కుని, కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, లారీ ట్యూబు మీద కూర్చుని వాలు మీంచి జర్రున జారేవారు. పొయ్యి దగ్గరే జీవితం గడిపిన ఆడవాళ్లు కేకలు పెడుతూ ఆవిడ వెనక జారేవారు. నేను భయపడి నిలబడిపోతే, “పడితే మంచులోనే కదే! కృష్ణలో మునుగుతావా ఏమిటి?” అని వెనక నుంచి తోసేశారు. కిందికి చేరేసరికి నవ్వుతున్నాను. ఆరుబయట అంత గట్టిగా నవ్వడం నాకు అదే మొదలు. ఆ నవ్వు ఆవిడ పెట్టిన భిక్షే, కాదనను.

కొండ మీద చెక్క ఇళ్లలో మా బస. మొదటి టూరులోనే నాకు చెప్పారు: “గది మూసి బొగ్గుల కుంపటి పెట్టనివ్వకు. పెడితే కిటికీ నాలుగు వేళ్లయినా తెరిచి ఉండాలి. పొగ కనబడకుండానే మనిషిని తీసుకుపోతుంది.” అంటే ఆవిడకు తెలుసు. నా కోపమంతా అక్కడే.

ఆ ఏడాదే తర్వాతి టూరుకి పామర్రు నుంచి కనకమ్మగారు వచ్చారు. పెద్దావిడ, గది తనకొక్కదానికే కావాలని తీసుకున్నారు. పై ఏడాది ఊళ్లోవాళ్లందరినీ వెంట తెస్తానని మాట కూడా ఇచ్చారు. సాయంత్రానికి మోకాళ్లు పట్టేసి కుంపటి అడిగారు. కిటికీ తెరిస్తేనే పెడతానన్నాను.

“కిటికీ తెరిచాక కుంపటెందుకే? పురిటి గదిలో తలుపులేసుకుని పెట్టుకోలా? నలుగుర్ని కన్నాను, నాకేమైంది?” అన్నారు.

మన పెంకుటిళ్లలోకి గాలి ఎటునుంచైనా వస్తుంది. ఆ చెక్క గదికి కిటికీ తప్ప వేరే సందే లేదు. ఆ సంగతే చెప్పబోతుంటే సుభద్రగారు లోపలికి వచ్చారు. “పెద్దావిడతో వాదనేమిటే? నేను చూసుకుంటాగా, నువ్వు వెళ్లు” అన్నారు. నేను గుమ్మంలో ఉండగానే, తన చేత్తోనే కుంపటి పెట్టి, కిటికీ సందులో పాత చీర కుక్కారు. తెల్లారి కాఫీ పట్టుకెళ్లి ఎంత తలుపు కొట్టినా కనకమ్మగారు పలకలేదు.

పరామర్శకు పామర్రు వెళ్తే, ఆ ఇంటి వాకిట్లో కనకమ్మగారి కూతురు అడిగింది, “గదిలో నిప్పు పెట్టిందెవరు?” అని.

సుభద్రగారు నా మణికట్టు పట్టుకున్నారు. “నేను వద్దనే చెప్పానమ్మా. మా అమ్మాయికి చిన్నతనం, జాలిపడి పెట్టింది” అన్నారు.

ఆ కూతురు నావైపు తిరిగింది. “మా అమ్మ మీద నీకంత జాలేమిటే?” అంది.

తల వంచుకుని కారెక్కాను. నిజం చెప్పినా, అంత పేరున్న ఆవిడ మాట ముందు నా మాట ఎవరు వింటారు? తిరిగి వచ్చేటప్పుడు కార్లో ఆవిడ, “నీకు చిన్న వయసు, ఇంకో పని దొరుకుతుంది. నన్ను నమ్ముకుని ఇంతమంది బతుకుతున్నారు కదే” అన్నారు. నేనూ ఆవిణ్ణి నమ్ముకున్నదాన్నేనని గుర్తు రాలేదు కాబోలు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాను. ఈవిడ ఏటి మధ్యలోనే నన్ను కిందికి తోసేశారు. మరుసటి చలికాలం టూర్లు మామూలుగానే సాగాయి, కాకపోతే నా బదులు ఇంకో అమ్మాయి వెళ్లింది.

పోయిన చలికాలం ఆవిడ మంచాన పడ్డారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. చిక్కి సగమయ్యారు.

“చలేస్తోందే షాహినా, ఆ కిటికీ మూసెయ్” అన్నారు.

“పామర్రుకి ఒక్కసారి ఫోన్ చెయ్యండి. నంబరు నేను కలిపిస్తాను. ఒక్క మాట చెబితే చాలు” అన్నాను.

“ఇప్పుడెందుకే అవన్నీ” అని గోడ వైపు తిరిగారు. కిటికీ నేనే మూశాను, నాలుగు వేళ్లు సందు వదిలి. నెల తిరక్కుండానే పోయారు.

ఇప్పుడు లాడ్జిలో రిసెప్షన్లో కూర్చుంటున్నాను. కిటికీ తెరుచుకుంటోందో లేదో చూడందే ఏ గది తాళమూ ఎవరికీ ఇవ్వను. ఏసీ గదికి కిటికీ ఎందుకని నవ్వుతారు. నవ్వనీ. బందరులో మా అక్క ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం, బస్సు పామర్రులో ఆగగానే దుపట్టా ముఖం మీదికి లాక్కుంటాను. కుంపటి పెట్టింది నేనే అయినట్టు.