ఎత్తన్న దొర సీసా, రాయమల్లు నాలుక

మా రాయమల్లుకు ఒకటే రోగం. ఎదుటివాడి నోటిదాకా వెళ్లేది ఏదైనా సరే, ముందు తన నాలుక మీద పడాలి.

గోదావరిఖనిలో బొగ్గుబావి ఆఫీసు గుమస్తాగా చేరిన మొదటిరోజే నాకీ సంగతి తెలిసింది. క్యాంటీన్లో చాయ్ సాసర్లో పోసుకున్నానో లేదో, ఒక చెయ్యి వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది.

"ఆగు సారు." ఒక గుక్క పీల్చి, కళ్లు మూసుకుని ఆలోచించాడు. "ఆకు నిన్నటిది. పాలు మంచియే. తాగు, ఏం గాదు."

"మీరెవరండీ?"

"రాయమల్లును. బావిల దుంగలు నిలబెడ్త," అన్నాడు, అంతటితో అంతా అర్థమైపోవాలన్నట్టు.

గని కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. పుట్టింది మాత్రం నస్పూర్ దగ్గర కల్లుగీసే ఇంట్లో. ఒక్క గుక్కతో అది ఏ చెట్టు కల్లో, ఎప్పుడు దించారో, నీళ్లెన్ని కలిపారో చెప్పేసేవాడు. ఆయన వస్తున్నాడంటే కల్లు కాంపౌండు వాళ్లకు దడ. పెళ్లి వంటవాళ్లకు అంతకంటే దడ. తనతో బావిలో పనిచేసే సదయ్య కూతురికి దగ్గుమందు పోస్తుంటే ఆ చెంచా కూడా మధ్యలోనే లాక్కుని చప్పరించి, "బగ్గ చేదున్నది, పిల్లకు తేనె నాకియ్యుండ్రి," అన్నాడు.

రంజాన్‌కు మమ్మల్నందర్నీ దస్తగిర్ తన ఇంటికి పిలిచాడు. దస్తగిర్ అదే బావిలో యంత్రం నడిపేవాడు. రాయమల్లు అతని సేమ్యా పాయసం గిన్నెలో చెంచా ముంచి, "ఖర్జూర జర తక్కువైంది భాయ్," అన్నాడు.

"అరె అన్నా, అది నా గిన్నె! నీది నీ ముందటనే ఉన్నది గదా!"

"నాది మంచిగనే ఉన్నది. నీదెట్లున్నదో సూడొద్దా?"

ఇలాంటి మనిషిని ఒక విదేశీ అతిథి ముందు కూర్చోబెట్టవలసిన గతి 1989 ఎండాకాలంలో నాకు పట్టింది.

కొత్త యంత్రం నేర్పడానికి ఫ్రాన్సు నుంచి ఎతియెన్ అనే పెద్దాయన వచ్చాడు. కార్మికులకు ఆ పేరు తిరగక ఎత్తన్న దొర అన్నారు. ఏడాది పని ముగిసి వెళ్లిపోయే ముందు, తనతో బావిలో దిగిన నలుగురినీ ఆదివారం గెస్ట్‌హౌస్‌కు పిలిచాడు. రాయమల్లు, దస్తగిర్, సదయ్య, మొగిలి. తన ఊరి ఎర్రవైను సీసా ఒకటి వాళ్లతో పంచుకోవాలని ఆయన కోరిక. కాస్త ఇంగ్లీషు వచ్చినందుకు మాటలు అటూ ఇటూ చేరవేసే పని నాది.

ముందురోజు మేనేజర్ గారు నన్ను పిలిచారు. "రేపు నేనూ వస్తున్నాను. దొర పోసింది ఎవరూ కాదనకూడదు. ఆ రాయమల్లు నోటికి నువ్వే పూచీ. తేడా వచ్చిందో, నీ సంగతి చూస్తాను."

పరుగున రాయమల్లు క్వార్టరుకు వెళ్లాను.

"రేపు దొర పోసింది తాగి, బాగుందని చెప్పాలి."

"బాగుంటె బాగున్నదంట."

"బాగాలేకపోయినా!"

"గట్లెట్ల సారు? పాపం, ఎక్కడ్నుంచో మోసుకొచ్చిండు. ఆయనకు అబద్దం జెప్పుడు మర్యాదేనా?"

ఆదివారం మధ్యాహ్నం దొర పసిపిల్లను ఎత్తుకున్నట్టు సీసా తెచ్చి చాయ్ గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశాడు. దస్తగిర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మాఫ్ చెయ్యిండ్రి దొరా, మాకు హరాం," అన్నాడు. దొర తల వంచి అతనికి నిమ్మరసం తెప్పించాడు. మిగిలినవాళ్లు గ్లాసులు పట్టుకున్నారు. రంగు చూడండి, వాసన చూడండి, తర్వాత నోట్లో కాసేపు ఆపండి అన్నాడు దొర. మేనేజర్ గారు ఒక్క గుటకలో మింగేసి, "అద్భుతం! చాలా ఘాటుగా ఉంది!" అన్నారు.

రాయమల్లు మాత్రం దొర చెప్పినట్టే చేశాడు. ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు తిప్పాడు. మింగాడు.

"పల్చగున్నది," అన్నాడు.

దొర నావైపు తిరిగాడు. "ఏమన్నాడు?"

"చాలా బాగుందన్నాడండీ."

"కాదు. ఆయన ముఖం అలా లేదు. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. మేనేజర్ గారు నన్ను కళ్లతోనే ఉద్యోగంలోంచి తీసేశారు. రాయమల్లు ఆగలేదు. "పండు మీద వాన పడ్డ యేడుది ఇది. మా ఈతచెట్టుకు గిట్లనే అయితది. పల్చగైతది గని ఖరాబు గాదు. మింగినంక సుత వాసన ఆగుతున్నది సూడు. చేసినోని చెయ్యి మంచిది."

నేను ఆ మాటలు చేరవేస్తుంటే దొర లేచి నిలబడ్డాడు. "నిజమే! ఆ యేడు కోత వారమంతా వానే! చేసింది మా నాన్న!" అంటూ వచ్చి రాయమల్లు చేతులు రెండూ పట్టుకున్నాడు. మేనేజర్ గారు నవ్వారు. రెండు రోజుల్లో మొదటిసారి నేను గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఊపిరి ఇంకా వదల్లేదు, రాయమల్లు పక్కనున్న మొగిలి చేతిలోంచి ఇంకా ముట్టని గ్లాసు లాక్కున్నాడు.

"ఒక్క గ్లాసుతోని ఏం తెలుస్తది?" గటగటా తాగేశాడు.

దొర నవ్వి మొగిలికి మళ్లీ పోశాడు. అదీ రాయమల్లు నోట్లోకే పోయింది. "ఇది సీస నడుమది. రుచి వేరుంటది." దొర మూడోసారి పోశాడు. "అడుగుది గూడ సూడాలె గద!"

సీసా ఖాళీ. దొర కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. మేనేజర్ గారి ముఖం వైనుకంటే ఎర్రబడింది.

సోమవారం పొద్దున్నే ఆయన నాచేత మెమో టైపు చేయించారు. అతిథి ముందు పరువు తక్కువగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. దాన్ని పట్టుకుని వెళ్లేసరికి రాయమల్లు కడుపు పట్టుకుని మంచంలో ఉన్నాడు. భార్య లింగవ్వ మజ్జిగ తాగిస్తోంది.

"గా పులుపు నాకు పడది సారు. మొదటి గ్లాసు మంచిగనే అనిపిచ్చింది. మిగిలిన మూడు మందు మింగినట్టు మింగిన."

"మరెందుకు తాగారు?"

ఆయన గోడవైపు తిరిగాడు. అప్పుడే మొగిలి భార్య పూలమ్మ పెరుగుముంత పట్టుకుని లోపలికొచ్చింది.

"అన్నా, మా ఆయిన ఇంటికొచ్చి ఏడ్చిండు. తాగుడు బందువెట్టి నాలుగు నెల్లాయె. మేనేజర్ ముందట వద్దనలేకపాయె. నువ్వు గా గ్లాసు గుంజుకోకపోతె..."

"ఊకో చెల్లె. సారు ఉన్నడు."

తాగుడు వల్లే మొగిలి ఒకసారి సస్పెండ్ అయ్యాడు. మానేశానని అక్కడ చెబితే పాత కథంతా మేనేజర్ ముందు బయటపడుతుంది. దస్తగిర్‌లా చెప్పడానికి అతనికి వేరే కారణమూ లేదు. రెండు రోజులూ నేను రాయమల్లు నోటికి కాపలా కాశాను. ఒక్కసారైనా మొగిలి చేతులకేసి చూడలేదు.

"వాని చెయ్యి వణుకుడు జూసిన," అన్నాడు రాయమల్లు. "ఇరవై మంది నెత్తి మీద కప్పు ఉరుముతుంటె వణకని చెయ్యి సారు అది."

"ఇదే రాస్తాను. మెమో కొట్టేస్తారు."

ఆయన చటుక్కున లేచి కూర్చున్నాడు. "రాస్తె మొగిలి పేరు ఫైలుకెక్కుతది. వద్దు. నాకు ఆశెక్కువ, తప్పయింది అని రాయి."

"ఆశపోతునని రాయమంటారా?"

"ఆఁ. ఊరందరికి ఎరుకున్నదే. ఎవ్వలు అనుమానపడరు."

రాశాను. కింద తన పేరు గుండ్రంగా సంతకం పెట్టాడు. అది చదివి మేనేజర్ గారు మెమో పక్కన పడేశారు.

"ఆశపోతే గానీ, నిజాయితీ ఉన్నవాడోయ్! ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాడు," అన్నారు మెచ్చుకుంటూ.

అవునండీ అన్నాను. రాయమల్లు నాకు తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే.