రుజువేదని అడిగినవాణ్ణి

తలుపు మూసిన గదిలో ముగ్గురు కలిసి, కులం చూసి ఒక మనిషి ప్రమోషన్ ఆపేస్తే, దానికి రుజువు మీరు ఎక్కడ వెతుకుతారు? నాకు తెలుసు. తెలిసీ దాచాను. ఏళ్లు గడిచినా ఆ బరువు దిగలేదు.

తొంభైల మొదట్లో నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీ, వైస్ ప్రిన్సిపాల్ ఎంపికకు నన్ను బయటి సభ్యుడిగా పిలిచింది. కులం మీద నిప్పులు చెరిగే వ్యాసకర్తను. నేనుంటే ఎవరూ వేలెత్తి చూపరని పిలిచారు. అది నాకు తట్టలేదా? తట్టింది. పోటీలో ఉన్నవాళ్లందరిలో సీనియర్ మల్లేశం, ఫిజిక్స్ లెక్చరర్. చిక్కడపల్లిలో మా హేతువాద సభలకు ముందే వచ్చి కుర్చీలు వేసేవాడు.

కాలేజీ సెక్రటరీ గొంతు తగ్గించాడు. "మల్లేశం పాఠం మంచిగనే చెప్తడు సార్. గని మాదిగాయన ఆ కుర్సీల కూసుంటే మనోళ్లు పిల్లల్ని పంపుతరా? మీరు రాసేటోళ్లు, మంచి మాటొకటి చెప్పుండ్రి."

ప్రిన్సిపాల్ కిటికీ వైపు చూశాడు. నేను చెప్పాను: "పరిపాలనా దక్షత చాలదు." అదే రాసుకున్నారు. అతని కన్నా జూనియర్‌కు పదవి ఇచ్చారు.

ఎందుకు చెప్పాను? మా సభలకు హాలు ఉచితంగా ఇచ్చేది ఆ సెక్రటరీయే. హాలు పోతే ఉద్యమం ఏమవుతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఒక మనిషిని అమ్మి కాపాడుకునేది ఉద్యమమేనా అని మాత్రం నన్ను నేను అడగలేదు.

మల్లేశం కోర్టుకు వెళ్లాడు. ఒకరోజు అశోక్‌నగర్‌లో మా ఇంటికొచ్చాడు.

"ఆ గదిల ఏమన్నరో జడ్జి ముంగట చెప్తే చాలు సార్."

ఏళ్ల తరబడి బాబాలను, జ్యోతిష్కులను నిలదీసిన ప్రశ్ననే అతని మీదికి విసిరాను. "రుజువేముంది మల్లేశం?"

అతను నవ్వాడు. "రుజువు మీరే గద సార్! మంత్రగాళ్లనే అడుగుతరనుకున్న, నన్ను గూడ అడుగుతరా?"

చాయ్ తాగమన్నాను. "వద్దు సార్, మీకెందుకు పరేషాన్," అని లేచాడు.

సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు. లెక్చరర్‌గానే రిటైరయ్యాడు. మా సభకు మళ్లీ రాలేదు. నా మాటలే నన్ను మోసం చేశాయని రాయబోయి కొట్టేశాను. మోసపోయింది అతను. చేసింది నేను. క్షమించమని అడగను, ఇన్నాళ్లకు నిజం చెప్పాను, ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

అలాంటి బల్ల దగ్గర మీరూ కూర్చున్నారా? ఎవరు ఏమన్నారో పేర్లతో సహా రాసి, సంతకం పెట్టి, ఆ మనిషి చేతిలో పెట్టండి. కేసు ఇంకా నడుస్తుండగానే వెళ్లండి.