గంజికుండ ఎండిందన్న మాట

మొదట రుజువున్నవి చెబుతాను. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా పెద్దమ్మ ఇంట్లో పడుగు దారాలకు పట్టించే జొన్న గంజిని ఒక మట్టికుండలో పులియబెడతారు. ఆ గంజిలో ఒక బాక్టీరియా పెరుగుతుంది. పిండిని కరిగించే ఎంజైమును తయారుచేయించే జన్యువు దానిలో ఉంది. పిండి తగలనంత కాలం ఆ జన్యువు ఊరకుంటుంది, తగిలితే పనిలోకి దిగుతుంది. ఇది నేను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క కణాన్నీ విడిగా కొలిచి చూసినది. ఇక విన్నది ఒకటుంది: ఒక వేసవిలో మగ్గం ఆగి, ఆ కుండ రెండు నెలలు ఖాళీగా ఎండిందని. మగ్గం ఆగిన మాట నిజమే. కుండ ఎండడం నేను చూడలేదు. చూడనిదాన్ని నా పరిశోధన వ్యాసంలో చూసినవాటి వరుసలో చేర్చి రాశాను.

బాక్టీరియాలో జన్యువులు ఎప్పుడు, ఎంత వేగంగా పనిలోకి దిగుతాయో భౌతికశాస్త్ర పద్ధతులతో కొలవడం నా వృత్తి. పిండి రుచి తెలిసిన కణం, పిండి పోయాక కూడా ఆ గుర్తును తన సంతతికి అందిస్తుందా అన్నది నా ప్రశ్న. అందిస్తే, మళ్లీ పిండి తగిలినప్పుడు ఆ సంతతి జాప్యం లేకుండా స్పందించాలి. ప్రయోగశాలలో కొద్ది తరాలకే ఆ గుర్తు చెరిగిపోయేది. అప్పుడు పెద్దమ్మ కొడుకు, మా అన్న, కుండ గోడకు అట్టకట్టిన గంజిపొరను గీకి, పొట్లం కట్టి ఆదోనిలో నేను పనిచేసే చోటికి తెచ్చి ఇచ్చాడు.

"మగ్గం నిలిచి రెండు నెల్లాయప్పా. కుండ ఎండిపోయిండాది" అన్నాడు.

ఆ పొరలోని కణాలు పిండి తగిలిన వెంటనే స్పందించాయి. రెండు నెలల జ్ఞాపకం అని వ్యాసం ప్రకటించాను. నా ఉద్యోగం ఖాయం కావలసిన సమీక్షకు ఆ వ్యాసమే ఆధారం. విద్యార్థులు ఏ ఫలితం తెచ్చినా "ఎవరు చూశారు?" అని అడిగేవాణ్ణి. ఆ మాట అన్నను అడగలేదు.

అచ్చయిన ప్రతిని పట్టుకొని ఎమ్మిగనూరు వెళ్లాను. రెండు నెలలు గంజి మొహం చూడకున్నా కుండలోని జీవులు గంజిని మరవలేదని పెద్దమ్మకు వివరించాను. ఆమె నూలు కండె చుట్టడం ఆపింది.

"రెండు నెల్లా? ఎవురు సెప్పినారప్పా?"

"అన్న సెప్పినాడు."

"వాడా! మగ్గం నిలిస్తే వాడు ఇంటి తట్టే రాడు. వానికేం తెలుసు కుండ సంగతి?" అని నవ్వింది. "వారానికొక గరిటె గంజి పోస్తాంటి. నేసేవాళ్లింట్లో కుండ ఎండబెడతారా యాడన్నా? సూసినోళ్లు ఇంగ ఈ ఇంట్లో మగ్గం ఆడదనుకోరూ?"

నేను వ్యాసం ప్రతిని మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆమె నవ్వు ఆగింది.

"ఏమప్పా, నీ పని సెడగొట్టినానా?"

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. నేనే నిన్ను అడగల్యా."

"అడిగింటే సెప్పకపోదునా? ఇంత సదివి, కుండ ఎవురిదో వాళ్లను అడగల్యా నువ్వు!"

ఆదోనికి తిరిగివచ్చే బస్సులో నాకు తోచిన మొదటి ఆలోచన గౌరవప్రదమైనది కాదు. ఆ గరిటెతో వారం వారం కణాలకు పిండి అందిందన్న సంగతి పెద్దమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఏ సమీక్షకుడూ ఎమ్మిగనూరు వచ్చి కుండలో తొంగిచూడడు. ఆ వారమంతా వ్యాసాన్ని మళ్లీ మళ్లీ చదివాను. కుండ ఎండిందన్న ఆ ఒక్క వాక్యం తీసేస్తే మిగిలినదేదీ నిలబడదు. వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నానని, కారణం దాచకుండా, పత్రికకు రాశాను. సమీక్ష వాయిదా పడింది. రెండేళ్ల తరువాత, ప్రయోగశాలలో కొలిచిన ఆ కొద్ది తరాల గుర్తు గురించిన చిన్న వ్యాసంతో ఉద్యోగం ఖాయమైంది. అందులో అతిశయమేమీ లేదు.

రెండు నెలలు పిండి లేకపోతే ఆ బాక్టీరియాకు గుర్తుంటుందా, ఉండదా? ఇప్పటికీ నాకు తెలియదు. గాజునాళికలో ఒంటరిగా పెంచితే అది కుండ గోడ మీద కట్టినట్టు పొర కట్టదు, ఎండబెడితే చచ్చిపోతుంది. పరీక్షించాలంటే పెద్దమ్మ కుండనే రెండు నెలలు నిజంగా ఎండబెట్టాలి. ఆమె మగ్గం ఇంకా ఆడుతోంది. ఆ మాట అడుగుదామని రెండుసార్లు వెళ్లాను, అడగకుండానే తిరిగివచ్చాను.