బబ్బెర్ల నీళ్లు, నా పంతం

"బాపూ, ఈ నెల నీ వంట నాది. డాక్టర్ చెప్పిన దాంట్ల గింజంత తేడా గూడ రానియ్య!"

బోధన్‌లో మా వంటింటి గుమ్మంలో నిలబడి, పిడికిలి ఎత్తి నేనిచ్చిన మాట ఇది. ఆ తర్వాత పది రోజుల్లో ఏం చేశానో వినండి. మీరు నవ్వుకోండి, నాకింకా నవ్వు రావడం లేదు.

బాపు అంటే మా నాన్న. ఆయనకు షుగర్ ముదిరి కిడ్నీల మీద పడింది. పప్పు లేనిదే ముద్ద దిగని మనిషి. నిజామాబాద్ డాక్టర్ దయ తలిచాడు. "పప్పుగింజలు మొత్తం బంద్ అక్కర్లే. పూటకు చిన్న గిన్నెడు. నానబెట్టిన నీళ్లు పారబోసి, వేరే నీళ్లల్ల ఉడకబెట్టి, అవి గూడ పారబొయ్యాలె."

ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. గ్యాస్ రాకుండా కాబోలు అనుకున్నాను. కారణం అడగకుండా ఏ ఆదేశానికీ తల వంచొద్దని ఊరంతా ఉపన్యాసాలిచ్చేది కూడా నేనే!

మొదటి రోజు బబ్బెర్లు, అదే అలసందలు, ఉడికించి వంచాను. గిన్నెలో ఎర్రటి నీళ్లు, కమ్మటి వాసన. మోరీ కాలువ దాకా పోయాను గానీ పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. రైతు చెమట మోరీపాలా?

"పారబొయ్యుమన్నడు కద బిడ్డా," అంది మా అమ్మ. మేం ఆమెను అవ్వ అంటాం.

"అవ్వా, నువ్వు ఎన్నడన్న పారబోసినవా? చారు పెడ్తవు కద!"

"మనకు సరే. బాపుకెట్ల పోస్తవ్ రా?"

"లెక్క గింజలకే. నీళ్లు నీళ్లే!"

శ్రమ ఫలం శ్రామికుడికే అని ప్రకటించి, చింతపండు పిసికి, ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిర్చితో పోపు పెట్టాను. బాపు ఉప్పులేని గింజలు నమిలి మొఖం ముడిచాడు. నా గుండె కరిగిపోయింది. స్టీలు గ్లాసు నిండా చారు పోశాను.

"సెబాష్ కొడుకా! గిట్లయితె రోగం సుత మంచిగనే ఉన్నది. ఇంకో గ్లాసు పొయ్యి."

పది రోజులు. రెండు పూటలా!

పదకొండో రోజు రక్తం టెస్ట్. రిపోర్ట్ చూసి డాక్టర్ కళ్లజోడు తీశాడు.

"పొటాషియం గింత పెరిగిందేంది? గుండె ఆగుతది, తెలుసా? గింజలెన్ని పెట్టినవ్?"

"చిన్న గిన్నెడే సార్, కొలిచి."

"నీళ్లు?"

"చారు పెట్టిన సార్."

ఆయన రిపోర్ట్ బల్ల మీద పడేశాడు. "పొటాషియం నీళ్లల్లకు దిగాల్నని ఉడకబెట్టుమన్న. నువ్వు గింజలల్ల నుంచి తీసి, పోపు పెట్టి మరీ తాపినవా?"

బాపు అడ్డం వచ్చాడు. "పోరన్ని తిట్టకుండ్రి సార్. చారయితె మస్తుండె."

మందులు రాసి, పదిహేను రోజులకు మళ్లీ రమ్మన్నాడు. అప్పటికీ తగ్గకపోతే బాపుకు గింజ కూడా లేదు. ఇంటికొచ్చి సంగతి చెప్పగానే అవ్వ నా చేతిలో గరిటె లాక్కుంది. "నువ్వు లోకాన్ని బాగుచెయ్యి పో. నా పొయ్యికాడికి రాకు!"

నేను తగ్గుతానా? బాపుకు ఆ చిన్న గిన్నె దక్కి తీరాలి. సుద్దముక్క తీసి వంటింటి తలుపు మీద రాశాను:

"తప్పు ఒప్పుకుంటున్నాను. గరిటె అడగను, పోపుడబ్బా ముట్టను. బబ్బెర్ల నీళ్లు పారబోసే హక్కు మాత్రం నాకే కావాలి. జవాబుకు గడువు: రేపు పొద్దున పొయ్యి అంటించే లోపు."