పింకీ వంతు రక్తం

యలమంద రేపల్లెలో ఒక రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. నలభై ఆరేళ్ళుంటాయి. "మనలో చెప్పుకోదగ్గది మన రక్తం ఒక్కటేనండీ" అంటాడు ఎవరు పలకరించినా. నిజంగానే చెప్పుకోదగ్గ రక్తం!

ఎ, బి, ఓ గ్రూపులు అందరికీ తెలిసినవే. అసలు మజా అక్కడితో అయిపోదు. ఒక్కో రక్తకణం మీద ఇంకా బోలెడు చిన్న చిన్న గుర్తులుంటాయి. మామూలుగా వాటిని ఎవరూ పట్టించుకోరు. కానీ బాపట్లలో ఉండే పింకీకి అవే ప్రాణం మీదికి తెచ్చాయి. తొమ్మిదేళ్ళ పిల్ల, తలసీమియా. ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు కాబట్టి మూడు వారాలకోసారి ఎక్కించాలి. పుట్టిన దగ్గర్నుంచి ఎంతోమంది రక్తం ఎక్కీ ఎక్కీ, ఆ పిల్ల ఒళ్ళు కొన్ని గుర్తుల మీద తిరగబడడం మొదలుపెట్టింది. గ్రూపు కలిసిన బ్యాగు పెట్టినా చలి, జ్వరం.

అప్పుడు తెనాలి ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో డాక్టర్ నీరజ గారు ఒక స్టడీ పెట్టారు. నాలుగొందల మంది డోనర్ల రక్తంలో ఆ చిన్న గుర్తులన్నీ చూస్తే, పింకీకి సరిపోయేవాళ్ళు ఐదుగురే తేలారు. అందులో యలమంద ఒకడు. ఐదుగురికీ వంతులు వేశారు. ఒక్కొక్కరికి మూడున్నర నెలలకోసారి వంతు వస్తుంది. రెండేళ్ళలో ఒక్క వంతు కూడా తప్పలేదు.

మొన్న బుధవారం యలమంద వంతు. పొద్దున్నే రేపల్లె నుంచి రైల్లో వచ్చాడు. స్టడీ ఫారాలు నింపేది నేనే కాబట్టి అక్కడే ఉన్నా. టెక్నీషియన్ జ్యోత్స్న ఆయన వేలు పొడిచి, చుక్కని నీలం నీళ్ళలో వేసింది. ఒంట్లో సరిపడా రక్తం ఉంటే ఆ చుక్క గబుక్కున మునిగిపోవాలి. అది పైనే తచ్చాడింది.

"ఏంటి బాబాయ్, మునగనంటోంది?"

"ఇంకోటి వెయ్యమ్మా. అది బద్ధకపు చుక్కయ్యుంటుంది."

రెండోదీ మునగలేదు. మిషన్ మీద చూస్తే హిమోగ్లోబిన్ పదకొండున్నర. పన్నెండున్నర ఉంటేగానీ తీసుకోరు.

"ఈ మధ్య ఇంకెక్కడైనా ఇచ్చావా?"

"ఎక్కడిస్తానమ్మా!" అన్నాడు యలమంద, గోడ మీద క్యాలెండర్ చూస్తూ.

నీరజ గారు వచ్చి ఫారం చూశారు. "పాపం, బస్తాలు మోసే మనిషి. మనమే ఎక్కువ తీసేస్తున్నామేమో. ఇకనుంచి ఐదుగురి దగ్గరా ఐదు నెలలకోసారే తీసుకుందాం. స్టడీలో కూడా అదే రాద్దాం" అన్నారు.

పింకీ వాళ్ళమ్మ అన్నమ్మ బెంచీ మీంచి లేచింది. "అంటే పాపకి నెలకోసారేనా మేడం? మూడో వారానికే లేచి నిలబడలేకపోతుందండీ."

"చూద్దామమ్మా. డోనర్లు కూడా బాగుండాలి కదా."

యలమంద బయటికెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. తడి మొహంతోనే లోపలికొచ్చి నిలబడ్డాడు.

"మేడం, అది రాయకండి. తప్పు మీ లెక్కది కాదు, నాది. మూడు వారాల కింద మా హీరో పుట్టినరోజుకి రక్తదానం క్యాంపులో ఇచ్చేశా."

ఇరవై ఏళ్ళుగా ఆయన ఆ అభిమాన సంఘంలో ఉన్నాడట. ఈసారి రక్తం ఇచ్చినవాళ్ళ ఫొటోలే బస్టాండు సెంటర్లో ఫ్లెక్సీ మీద వేస్తామన్నారట. తన మొహం ఏ ఏడూ పడలేదు. క్యాంపువాళ్ళు అడిగితే, ఇచ్చి నాలుగు నెలలైందని చెప్పాడు. "ఊరే రక్తమే కదా, మూడు వారాల్లో ఊరకపోతుందా అనుకున్నానండీ."

"అంతకుముందు ఇక్కడిచ్చి మూడు నెలలైనా నిండలేదు!" నీరజ గారు ఫారం బల్ల మీద పడేశారు. "మీ అబద్ధం నేను రాసేసేదాన్ని. ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు అది చదివి ఇంకో పాపకి రక్తం తగ్గించేవారు. తెలుస్తోందా యలమంద గారూ?"

జ్యోత్స్న ఆ క్యాంపు బ్యాగు ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కుంది. కాన్పులో ఒకావిడకి ఎప్పుడో ఎక్కించేశారు.

అన్నమ్మ ఒక్కటే మాటంది. "మీ హీరోకి ఫోన్ చెయ్యి అన్నయ్యా. వచ్చి ఇస్తాడేమో."

తర్వాతి వంతు కిరీటిది. బాపట్ల డిపోలో కండక్టరు. ఆయన ఇచ్చి ఎనభై నాలుగు రోజులే అయింది, తొంభై నిండాలి. అంటే ఇంకా ఆరు రోజులు. పింకీని ఆస్పత్రిలోనే పడుకోబెట్టారు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. నడిస్తే ఆయాసం.

ఆ ఆరు రోజులూ యలమంద మిల్లుకెళ్ళలేదు. పొద్దున రైల్లో వచ్చి వార్డు బయట కూర్చునేవాడు. లోపలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. ఐరన్ మాత్ర వేసుకున్నప్పుడల్లా జ్యోత్స్నకి చూపించేవాడు, ఎవరో అడిగినట్టు. అన్నమ్మ ఎదురుగా నడిచిపోతూ కూడా పలకరించలేదు.

మంగళవారం కిరీటి వచ్చాడు. యలమంద స్టేషన్‌కెళ్ళి తీసుకొచ్చాడు. "నాకు టికెట్ కొట్టడమే తెలుసు గానీ, ఇలా నన్ను మోసుకొచ్చేవాళ్ళుంటారని తెలీదయ్యా" అని కిరీటి నవ్వాడు. యలమంద నవ్వలేదు.

సాయంత్రానికి పింకీ లేచి కూర్చుంది. గుమ్మం అవతల యలమందని చూసి, "మామయ్యా, లోపలికి రావేంటి?" అని కేకేసింది. ఆయన అన్నమ్మ వైపు చూశాడు. ఆవిడ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు.

"నీ వంతు వేరేచోట ఇచ్చేశావంటగా?"

"ఇచ్చేశానమ్మా."

"మళ్ళీ ఎప్పుడు నీది?"

"సెప్టెంబర్లో. ఈసారి ఒట్టు, తల్లీ..." అంటూ చెయ్యి ముందుకి చాపాడు.

పింకీ ఆ చేతిలో చెయ్యి వెయ్యలేదు. "ఒట్లేం వద్దు మామయ్యా. ఊరికే వచ్చెయ్" అంది.

చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.