ఈశాన్యం మూల మిక్సింగ్

విఠల్‌కి తన చెవులంటే మహా గర్వం. విజయవాడ వన్ టౌన్‌లో, ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్ పైనున్న ఇంట్లో ఒక గదిని స్టూడియో చేసుకుని, పద్నాలుగేళ్ళుగా గుళ్ళకు భక్తిపాటలు రికార్డు చేస్తున్నాడు. గొంతునూ వాయిద్యాలనూ కలిపి హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సింగ్‌లో తనకు తానే సాటి అని అతని నమ్మకం. దానికి సిద్ధాంతిగారి ఆశీస్సు కూడా ఉంది. ఈశాన్యం మూల తూర్పుముఖంగా కూర్చుంటే విద్య రాణిస్తుందని ఆయన అంటే, బల్లనూ స్పీకర్లనూ ఆ మూలకే నెట్టి గోడకు ఆనించాడు. చెవిని అడగాల్సిన సంగతి వాస్తును అడిగాడు మహానుభావుడు.

ఈ వానాకాలం ఆ గోడ చెమ్మెక్కింది. ఎలాగూ బల్ల తీయాలి కదా అని గది మొత్తం బాగుచేయించడానికి గన్నవరం నుంచి లక్ష్మీకాంత్‌ని పిలిపించాడు. స్టూడియో గదులు కట్టడమే అతని వృత్తి. అతను మృదంగం రికార్డింగు ఒకటి పెట్టి గదంతా తిరుగుతూ విన్నాడు. ఈశాన్యం మూలకు రాగానే ఆగిపోయాడు.

“బేస్ అంటారే, ఆ బరువు శబ్దమంతా ఈ మూల పోగుపడుద్దండీ. ఇక్కడ కూర్చుంటే మీకు ఎక్కువైనట్టు వినపడి కోసేస్తుంటారు. బయట వినేవాళ్ళకి గొంతు పీలగా ఉంటది” అన్నాడు.

విఠల్ నవ్వేశాడు. లక్ష్మీకాంత్ మూలల్లో మందపాటి మెత్తలు బిగించి, బల్లను గోడకు దూరంగా జరిపించి వెళ్ళాడు. కొత్త చోట కూర్చుని విఠల్ తన పాత పాటల్లో బాగా నచ్చినదాన్ని పెట్టుకున్నాడు. గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. నాలుగోది వినేసరికి శాంతకుమారి గారు గుర్తొచ్చారు.

ఉయ్యూరులో టీచరుగా రిటైరైన ఆవిడ తొమ్మిదేళ్ళు అతని దగ్గర పాడారు. మూడేళ్ళ కిందట, మైకులో పాట కీచుమంటోందని గుడివాళ్ళు పేచీ పెట్టారు. విఠల్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, వయసుతో గొంతు పలచబడిందనీ, ఇక చాలిస్తేనే గౌరవంగా ఉంటుందనీ ఆవిడతో చెప్పేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! ఆవిడ శ్రుతిపెట్టె సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆనాటి రికార్డింగును, తను చెయ్యి పెట్టకముందు ఉన్నదాన్ని, వెతికి తీసి విన్నాడు. గొంతు నిండుగా, గంభీరంగా ఉంది. విఠల్‌కి తల కొట్టేసినట్టయింది. గదిలో ఎవరూ లేకపోయినా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఉయ్యూరు బస్సెక్కాడు. స్టూడియో కొత్తగా చేయించాం, మళ్ళీ వచ్చి పాడండి అంటే సరిపోతుందనీ, జరిగింది చెప్పక్కర్లేదనీ దారి పొడవునా తనను తాను మభ్యపెట్టుకున్నాడు. ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, పిల్లల చదువులు ఎలా ఉన్నాయని అడిగేసరికి ఆ అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

“మీ గొంతుకేం కాలేదు టీచరు గారూ. తప్పంతా నాదేనండీ” అని మొదలుపెట్టి, మూల సంగతంతా చెప్పాడు. ఫోనులో పాట వినిపించాడు. ఆవిడ చివరిదాకా విన్నారు. ఫోను తిరిగి అతని చేతిలో పెట్టారు.

“మా అమ్మ కిందటేడు పోయింది విఠల్ గారూ. ఆర్నెల్లు మంచంలో ఉంది. రోజూ సాయంత్రం ఒక్క పాట పాడవే అని అడిగేది. మీరు చెప్పారు కదా అని పాడలేదండీ” అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది విఠల్‌కి. తప్పంతా ఒప్పుకున్నవాడు, క్షమించమని మాత్రం అడగలేకపోయాడు. అడిగితే ఆవిడ క్షమించేస్తారేమోనని భయమేసింది.